బస్తరు మడుగుల నుండి గోదావరి మొగ వరకు

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు సీమకు సముద్రతీరము లేదు. అయినను ఆ సాలవృక్షారణ్యములలో కురిసిన వాన తుదకు చేరునది బంగాళాఖాతమే. ఒడిశాలోని కలహండి కొండలలో జన్మించి, జగదల్‌పూరును ఒరసికొని ప్రవహించి, చిత్రకోట యొద్ద దాదాపు 30 మీటర్ల యెత్తునుండి దుమికి, అబూజ్‌మాడ్ కొండలకు దక్షిణముగా సాగి, ఇంచుమించు 535 కిలోమీటర్లు నడచిన ఇంద్రావతి, బీజాపూరు జిల్లాలోని భద్రకాళి గ్రామమునొద్ద గోదావరిలో సంగమించుచున్నది. కోరాపుట్ కొండలలో పుట్టి, సుక్మా జిల్లా సరిహద్దున కొలాబు, శబరి యను రెండు పేర్లతో ప్రవహించి, కుంట దాటిన పిమ్మట తెలుగునేలను ప్రవేశించు మరియొక నది కూనవరమునొద్ద ఆ గోదావరినే చేరుచున్నది. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప కాకతీయవంశీయుడైన అన్నమదేవుడు ఈ నదులదరిని తన రాజ్యమును నెలకొల్పుకొనెను. నేటికిని భోపాలపట్నము, కుంట ప్రాంతములలో తెలుగు మాట వినబడుచునే యున్నది. కావున బస్తరు జలములను గూర్చి తెలిసికొనుట తెలుగువారికి పరాయి సంగతి కాదు.

ఆ జలములలో నివసించు మూగజీవులకు, ఆ జలములు చేరు కడలిలో నివసించు మూగజీవులకు, నేడు ఒకే విధమైన ఆపద వాటిల్లినది. ఆ ఆపద వల. తరతరములుగా మానవుని ఆకలి తీర్చిన వల దోషభూయిష్ఠమైన వస్తువని చెప్పుట నా ఉద్దేశము కాదు. వేయరాని కాలమున, వేయరాని తావున, ఉండవలసినదానికన్న సన్నని కన్నులతో వేసిన వల, పట్టదలచిన చేపతోపాటు పట్టదలచని ప్రాణులను కూడ చంపుచున్నది. ఇప్పుడే యరుదైపోయిన జాతులకు ఆ మరణములే అంత్యకారణము కాగలవు.

మొదట బస్తరు నీటిని చూతము. జగదల్‌పూరునకు దక్షిణమున, 200 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముతో 1982లో ఏర్పడిన కాంగేరులోయ జాతీయోద్యానమున్నది. తీర్థగఢ్ జలపాతమును, కుటుంసర్ గుహను చూడబోవు యాత్రికులలో అనేకులు, అదే లోయలో కాంగేరునది కొలాబును చేరబోవు దారిలో భైంసాదర్హా యను లోతైన మడుగు కలదనియు, అందు మగ్గర్ జాతి మొసళ్లు ఎవరి పోషణయు లేక సహజముగా జీవించుచున్నవనియు ఎరుగరు. అచటి యేరులలోనే నీటికుక్కలును కలవు. నున్నని వెంట్రుకలతో, చదునైన తోకతో, కుటుంబములుగా గుంపుకూడి చేపలను తరుముచు వేటాడు ఈ జంతువు, చేపలు సమృద్ధిగా ఉన్న శుభ్రమైన నీటిలో తప్ప నిలువజాలదు. కావున నీటికుక్క కనబడిన యేటిని ఆరోగ్యవంతమైన యేరని శాస్త్రజ్ఞులు లెక్కింతురు. దాని చర్మమునకై సాగిన అక్రమవ్యాపారమును అరికట్టుటకు 2019లో జెనీవాయందు జరిగిన అంతర్జాతీయ సమావేశము, ఈ నున్నని నీటికుక్కను వాణిజ్యము పూర్తిగా నిషిద్ధమైన జాతుల పట్టికలో చేర్చినది.

ఇంద్రావతి రాతిమడుగులలో 'బోధ్' అని స్థానికులు పిలుచు చేప యొకటి కలదు. పొలుసులు లేని దేహముతో, వెడల్పైన తలతో, జెల్లజాతికి చెందిన ఈ భారీ మత్స్యము వడిగల నీటి యడుగున రాళ్లసందులలో ఒదిగియుండును. దాని పరిమాణమును చూచి 'బస్తరు షార్క్' అని వార్తాపత్రికలవారు దానికి బిరుదిచ్చిరి. గోదావరి, కృష్ణ మొదలగు ద్వీపకల్పనదులలో తప్ప ప్రపంచమున మరెచ్చటను కానరాని మెత్తని చిప్పగల తాబేలు జాతి యొకటి ఉన్నది. దానిని లీత్ తాబేలందురు. అంతర్జాతీయ ప్రకృతిసంరక్షణ సంఘము దానిని అత్యంత ప్రమాదస్థితిలో నున్న ప్రాణిగా పేర్కొన్నది. పులికి, ఏనుగుకు లభించు కీర్తిలో శతాంశమైనను ఇట్టి ప్రాణులకు లభింపలేదు. అవి నీటి యడుగున జీవించుచున్నవి, అచటనే మరణించుచున్నవి. కావున వాని కష్టము లోకమునకు కనబడుట లేదు.

వలలో చిక్కిన జంతువు ఎట్లు చనిపోవునో తెలిసికొనవలెను. చేప నీటిలోని ప్రాణవాయువును మొప్పలతో గ్రహించును గాని, మొసలికి, తాబేలునకు, నీటికుక్కకు ఊపిరితిత్తులు గలవు. అవి అప్పుడప్పుడు పైకివచ్చి గాలి పీల్చుకొనక బ్రదుకజాలవు. వలలోని చేపను చూచి ఆశతో వచ్చిన నీటికుక్క అందు చిక్కుకొనినచో, ఎంత గింజుకొనిన అంత బిగియు దారములలో ఊపిరాడక కొన్ని నిమిషములలో ప్రాణము విడుచును. పూర్వము వలలను ప్రత్తినూలుతో, జనపనారతో అల్లెడివారు. ఆ దారము మోటుగా నుండి నీటిలో కనబడెడిది, పాతబడినచో చివికిపోయెడిది. ఇరువదవ శతాబ్దపు మధ్యభాగమున నైలాను దారము వచ్చినది. అది తేలిక, చవుక, దృఢము. నీటిలో ఇంచుమించు అదృశ్యము. జాలరి శ్రమను అది ఎంతగానో తగ్గించినది. కాని తెగి కొట్టుకొనిపోయిన పిదపకూడ కుళ్లిపోక, యజమాని లేకయే, ఏండ్ల తరబడి ప్రాణులను పట్టుచునే యుండును. ప్రపంచసముద్రములలో చేరు చెత్తలో దాదాపు పదియవవంతు ఇట్లు వదలిన, పోయిన వేటసామగ్రియేనని 2009లో ఐక్యరాజ్యసమితి సంస్థలు వెలువరించిన నివేదిక అంచనా వేసినది.

నదిలో జరుగు అన్యాయమునకు చట్టము లేకపోలేదు. తూటాలు పేల్చి, విషము కలిపి చేపలు పట్టుట నేరమని శాసించిన భారత మత్స్యపరిశ్రమల చట్టము 1897నాటిది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున ఏటేట జూన్ 16 మొదలు ఆగస్టు 15 వరకు నదులయందును, వానితో సంబంధము గల జలాశయములయందును చేపలవేట నిషిద్ధము. తొలకరి వరదనీటికి ఎదురీది గ్రుడ్లుపెట్టు చేపలకు ఆ రెండునెలలు అభయకాలము. జాతీయోద్యానముల లోపల 1972నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ఏడాదిపొడవున ప్రాణులను కాపాడుచున్నది. అయినను చట్టమునకు, మడుగునకు నడుమ దూరము చాలయున్నది. వేసవిలో ఇంద్రావతి ప్రవాహము క్షీణించుట బస్తరు ప్రజలకు చిరకాలముగా తెలిసిన వ్యధ. ఒడిశా సరిహద్దున జోరానాలాలోనికి నీరు మరలిపోవుటయు అందులకొక కారణము. ప్రవాహము తగ్గినప్పుడు నదిలోని ప్రాణులన్నియు మిగిలిన కొద్ది మడుగులలో చేరి తలదాచుకొనును. అట్టి సమయమున ఒక మడుగును సన్నకన్నుల వలతో చుట్టివేసినచో, వచ్చు వానకాలమునకు నదిని నింపవలసిన సంతానమంతయు ఒక్కదినమున తుడిచిపెట్టుకొనిపోవును.

ఇట్టి వలల దుష్ఫలితమును మన కృష్ణాతీరవాసులు చక్కగా ఎరుగుదురు. శ్రీశైలము వెనుకజలములలో నిషిద్ధమైన అలివి వలలను వేసి, వ్రేలెడైనను ఎదగని చేపపిల్లలను బస్తాలకొద్ది పట్టి ఎండబెట్టి అమ్ముచుండుటయు, విసురువలతోను, పెద్దకన్నుల వలతోను జీవనము సాగించు స్థానికజాలరులు దానివలన నష్టపోయి మొరపెట్టుకొనుచుండుటయు మనము ఏండ్లుగా వినుచున్న సంగతియే. కావున అక్రమవల వలన మొదట నష్టపోవువాడు సక్రమముగా వేటాడు జాలరియే యని గుర్తింపవలెను. ఇంద్రావతి వెంట తరములుగా చేపలవేటనే కులవృత్తిగా గైకొన్న కుడుక్కులు, ఏరులలో వెదురుబుట్టలు పన్ని తమ కుటుంబమునకు చాలినన్ని చేపలు తెచ్చుకొను గిరిజనులు ప్రకృతికి శత్రువులు కారు. నది చెడినచో వారి పొయ్యియే ముందు ఆరిపోవును.

నదిని, సముద్రమును వేరువేరుగా తలచుట మన అలవాటు. జలచరములకు ఆ భేదము లేదు. మన గోదావరి యేటి మలుగుపాము సముద్రమున పుట్టి, పిల్లదశలో నదిని ఎక్కి, ఏండ్లకొలది మంచినీటిలో పెరిగి, మరల సంతానార్థము కడలికే పోవును. తొలకరి ఎర్రనీటితో సముద్రమునుండి ఎదురీదివచ్చు పులస, 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్టయొద్ద ఆగిపోవుచున్నది. నీటికుక్కయు ఇట్టిదే. కాంగేరులోయ యేరులలో తిరుగు ఆ నున్నని నీటికుక్కజాతియే, కాకినాడ సమీపమున, గోదావరి సముద్రమున కలియు తావున, కోరంగి మడ అడవులలోను తిరుగుచున్నది. కొండసీమనుండి మొగవరకు ఒకే జలము, ఒకే జాతి, ఒకే ఆపద.

1978లో ఏర్పడి, 235 చదరపు కిలోమీటర్లకు పైగా వ్యాపించిన కోరంగి అభయారణ్యమునకు సముద్రమువైపున హోప్ ఐలండ్ అను పొడవైన ఇసుకదిబ్బ కలదు. ఆ దిబ్బమీదను, గోదావరి మొగలకు ఇరుప్రక్కల నున్న ఇసుకతీరములమీదను, ఉత్తరమున శ్రీకాకుళము మొదలు దక్షిణమున బాపట్ల, నెల్లూరుల వరకును, ప్రతియేట శీతకాలమున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. రెండు అడుగుల పొడవు, నలుబది యేబది కిలోల బరువు గల ఈ ప్రాణి, ఆడుది మాత్రమే, రాత్రివేళ ఒడ్డెక్కి, వెనుకకాళ్లతో గొయ్యి త్రవ్వి, నూరు నూటయిరువది గ్రుడ్లు పెట్టి, ఇసుకతో కప్పి, వెనుదిరిగి చూడక సముద్రమునకు మరలిపోవును. నలువదైదు మొదలు అరువది దినములలో ఇసుకవేడిమికే ఆ గ్రుడ్లు పొదుగబడును. ఇసుక వేడి యధికమైనచో ఆడుపిల్లలు, తక్కువైనచో మగపిల్లలు ఎక్కువగా పుట్టుట ఇందలి విచిత్రము. పుట్టిన పిల్లలలో పెరిగి పెద్దవగునవి బహుస్వల్పము. వేయింట ఒకటి యని సాధారణముగా చెప్పుదురు. కావుననే, అన్ని గండములు గడచి గ్రుడ్లుపెట్టు వయస్సునకు వచ్చిన ఒక్క ఆడుతాబేలు చనిపోవుట, వేలకొలది పిల్లల శ్రమ వ్యర్థమగుటతో సమానము.

విష్ణువు కూర్మరూపమున పూజలందుకొను శ్రీకూర్మక్షేత్రము ఈ తీరమునకే చెందినది. తాబేలును చంపుట పాపమని తలచి, వలలో పడిన తాబేలునకు మ్రొక్కి విడిచిపెట్టు జాలరులు మన పల్లెకారు గ్రామములలో నేటికిని కలరు. అట్లయ్యును, జనవరి మొదలు మార్చి వరకు మన తీరమున తాబేళ్ల కళేబరములు ఏటేట కొట్టుకొనివచ్చుచుండుటకు కారణమేమి? ఆ మూడునెలలలో తాబేళ్లు తీరమునకు దాపున, లోతులేని నీటిలో గుమిగూడి యుండును. రొయ్యలకై సముద్రపుటడుగును ఊడ్చుకొనిపోవు ట్రాలు వలలను మరపడవలు గంటలకొలది ఆ నీటిలోనే ఈడ్చును. సంచివంటి ఆ వలలో చిక్కిన తాబేలు పైకి వచ్చి ఊపిరి పీల్చుకొను దారి లేక మునిగి చనిపోవును. వల పైకెత్తునప్పటికి పడవవానికి మిగులునది కళేబరమే. ఇచట చంపవలెనను కోరిక ఎవరికిని లేదు. మరణము మాత్రము తప్పుట లేదు.

దీనికిని నియమములు కలవు. 1972నాటి చట్టము ఆలివ్ రిడ్లీని మొదటి షెడ్యూలులో చేర్చి, పులికిచ్చిన రక్షణనే దానికిచ్చినది. 1994నాటి ఆంధ్రప్రదేశ్ సముద్రవేట నియంత్రణచట్టము ననుసరించి తీరమునుండి 8 కిలోమీటర్ల లోపల మరపడవలు వేటాడరాదు. ఆ జలము తెప్పలకు, నాటుపడవలకు చెందినది. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవలవేట నిలిపివేయబడును. సముద్రమున ఈ విరామము ముగిసిన రెండవనాడే, జూన్ 16న, బస్తరు నదులలో విరామము ప్రారంభమగును. ఈ రెండును చేపల సంతానవృద్ధికి ఏర్పడినవి. కాని తాబేళ్ల కాలమునకు ఏర్పడినవి కావు. 61 దినముల నిషేధము మొదలగునప్పటికే గ్రుడ్లుపెట్టు కాలము చాలవరకు గడచిపోవును. కావున మన తీరమున తాబేలును కాపాడవలసినది ఆ 8 కిలోమీటర్ల హద్దే. రాత్రివేళ ఆ హద్దును దాటివచ్చు పడవయే దాని మృత్యువు. పొరుగున ఒడిశా ఈ లోపమును గుర్తించి, ధామ్రా, దేవి, ఋషికుల్యా నదుల మొగలయొద్ద, 20 కిలోమీటర్ల మేర, నవంబరు 1 మొదలు మే 31 వరకు వేటను నిషేధించినది. లక్షలాది తాబేళ్లు ఒక్కమారుగా ఒడ్డెక్కు గహీర్‌మథాను 1997లో సముద్రాభయారణ్యముగా ప్రకటించినది. గోదావరి మొగలకును ఇట్టి కాలానుగుణమైన రక్షణ అవసరమని నా దృఢవిశ్వాసము.

వేటను ఆపకయే తాబేలును విడిపించు ఉపాయము కూడ కలదు. ట్రాలువల మెడభాగమున ఇనుపకమ్మీల చట్రమును ఏటవాలుగా అమర్చి, దాని కొసను వలలో ఒక ద్వారము వదలుదురు. రొయ్యలు, చేపలు కమ్మీల సందులగుండ సంచిలోనికి పోవును. తాబేలు చట్రమునకు తగిలి, ఆ వాలువెంట జారి, ద్వారముగుండ బయటపడును. దీనినే టెడ్ అందురు. సక్రమముగా అమర్చినచో చిక్కిన తాబేళ్లలో నూటికి 97 బ్రదికి బయటపడునని అమెరికా మత్స్యశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కొచ్చిలోని కేంద్ర మత్స్యసాంకేతిక పరిశోధన సంస్థవారు మన పడవలకు, మన వలలకు అనువైన టెడ్‌ను రూపొందించిరి. టెడ్ లేని పడవల రొయ్యలను కొనరాదని అమెరికా నిషేధించినప్పుడు, భారతదేశము, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ ప్రపంచవాణిజ్యసంస్థలో వ్యాజ్యమాడినవి. 1998లో తుదితీర్పునిచ్చిన న్యాయమండలి, ఆ నిషేధమును అమలుపరచిన తీరు పక్షపాతముతో కూడినదని తప్పుపట్టినను, తాబేళ్ల సంరక్షణమను ఆశయము న్యాయమైనదని ఒప్పుకొన్నది. అయినను టెడ్ మన పడవలలో సంపూర్ణముగా నెలకొనలేదు. ఆ ద్వారముగుండ కొంత పట్టు జారిపోవునని పడవయజమాని భయపడును. డీసెలు ధర, మంచుగడ్డ ధర, అప్పుపై వడ్డీ తీసివేయగా మిగులు స్వల్పలాభమును తలచుకొన్నవాడు ఆ భయమును తేలికగా త్రోసిపుచ్చజాలడు.

ఇచటనే ఈ సమస్యకు మూలమున్నది. చట్టము జాలరిని ఆజ్ఞాపించినంతమాత్రమున వల మారదు. చట్టమును పాటించినను తన బిడ్డలు పస్తుండరన్న నమ్మకము అతనికి కలుగవలెను. 61 దినముల విరామకాలమునకై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము జాలరికుటుంబములకు పూర్వము 10,000 రూపాయలును, 2025 నుండి 20,000 రూపాయలును భృతిగా ఇచ్చుచున్నది. విరామము పాటింపబడుటకు ఇదియొక బలమైన ఊత. టెడ్ అమర్చుకొనినవారికిని, తాబేలును విడిపించుటకై వలను కోసుకొనినవారికిని, ఇట్టి ఆదరువే లభింపవలెను. నదిమీద బ్రదుకు బస్తరు జాలరులను కూడ, సముద్రపు జాలరులతో సమానముగా, ఆ రెండునెలలు ఆదుకొనవలెను.

జాలరిని కలుపుకొనినచో ఫలమెట్లుండునో గుజరాతు తీరము నిరూపించినది. ప్రపంచమున కెల్ల పెద్ద చేపయైన తిమింగలసొరను అచట కాలేయపుకొవ్వుకై వేటాడెడివారు. 2001లో చట్టము దానిని రక్షితప్రాణిగా ప్రకటించినను, జాలరుల హృదయము కదలినది 2004 తరువాతనే. ఆ యేట వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా ఆరంభించిన ఉద్యమమునకు తోడ్పడిన రామకథకుడు మొరారిబాపు, ఆ చేపను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డగా భావింపుడని ప్రజలకు చెప్పెను. తెగిన వలకు ప్రభుత్వము పరిహారమిచ్చినది. పూర్వము ఈటెలతో పొడిచిన చేతులే ఇప్పుడు వలలు కోసి వందలకొలది తిమింగలసొరలను సముద్రమునకు విడిచినవి. 2021 డిసెంబరులో విశాఖపట్నము సమీపమున తంతడితీరమున వలలో చిక్కిన తిమింగలసొరను జాలరులు, అటవీశాఖవారు, ప్రకృతిప్రేమికులు కలిసి లోతునీటికి మరలించినప్పుడు, ఆ ధర్మము మన తీరమునకును పరాయిది కాదని వెల్లడియైనది.

ఆలస్యము చేసినచో ఫలమెట్లుండునో మెక్సికోదేశము నిరూపించుచున్నది. కాలిఫోర్నియా అఖాతమున మాత్రమే జీవించు వాకీటా యను చిన్న జలక్షీరదము, టోటోఆబా యను చేపకై వేసిన అక్రమవలలలో చిక్కి నశించుచున్నది. ఆ చేప గాలితిత్తికి చైనావిపణిలో అపారమైన ధర పలుకుటయే దానికి కారణము. 1997లో సుమారు 570గా లెక్కించిన వాకీటాలు నేడు పదింటికి అటునిటుగా మాత్రమే మిగిలియున్నవి. నిషేధములు వెలువడినవి, నౌకలు కావలికాచినవి; కాని జాలరికి వేరొక మార్గమును చూపుట, వ్యాపారి చేతిని పట్టుట ఆలస్యమైనందున, కార్యము చేయిదాటిపోయినది.

ఇక మనము చేయవలసినది స్పష్టముగానే యున్నది. బస్తరులో వేసవి మడుగులను ప్రాణుల ఆశ్రయములుగా గుర్తించి, వాని కావలి భారమును, గౌరవమును ఆయా గ్రామసభలకు అప్పగింపవలెను. సన్నకన్నుల వలలను జాలరి చేతిలో పట్టుకొనుటకన్న ముందు వానిని తయారుచేసి అమ్మువారి అంగళ్లలో పట్టుకొనవలెను. గోదావరి మొగలయొద్ద జనవరి మొదలు మార్చివరకు 8 కిలోమీటర్ల హద్దును నిజముగా కాపలాకాచి, ట్రాలుపడవలన్నింటికి ప్రభుత్వవ్యయముతో టెడ్‌లను అమర్చవలెను. చినిగిన నైలాను వలలను రేవులలో వెలకట్టి కొనినచో, ఎవ్వరును వానిని నీటిపాలు చేయరు. పట్టణవాసి కూడ తన పాత్రను విస్మరింపరాదు: నిషేధకాలమున నదిచేపను, ఎదుగని పిల్లచేపను కొననని అతడు నిశ్చయించుకొనినచో, అక్రమవలకు అమ్మకము లేకపోవును.

ఈ ప్రాణులు మనకు పాలియ్యవు, బండి లాగవు. వానివలన మనకేమి లాభమని అడుగువారుందురు. నీటికుక్క నిలిచిన యేటిలో చేప నిలుచును. తాబేలునకు చోటున్న సముద్రమున జాలరికిని చోటుండును. ఒకరిని చంపిన నీరు రెండవవారిని పోషింపజాలదు. ఇది లాభపక్షమున చెప్పదగిన సమాధానము. దానికి మించినది ధర్మపక్షము. మనకన్న కోట్లసంవత్సరముల పూర్వమే ఈ జలములలో నివాసమేర్పరచుకొన్న జాతులను, ఒకతరము తన అజాగ్రత్తచే తుదముట్టించి, ఆ లోటును రాబోవు తరములన్నింటిపై మోపుటకు అధికారము లేదు. చట్టమున్నది, ఉపాయమున్నది, దయగల జాలరియున్నాడు. ఈ మూడింటిని కలుపు పూనిక మాత్రమే మనవలన కావలసియున్నది.